చెవిలో పెరిగే ముత్యం

ఒక చిన్న పని చేసి చూడండి. మీ ముంజేతి మీద గోటితో మెల్లగా గీయండి. తెల్లని గీత పడుతుంది. చలికాలంలో అయితే మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తెల్లని పొడి ఏమిటి? బయటినుంచి వచ్చి పడిన దుమ్ము కాదు. అది మీ చర్మమే. సరిగా చెప్పాలంటే, చచ్చిపోయి రాలడానికి సిద్ధంగా ఉన్న చర్మకణాలు.

మన చర్మం అడుగుపొరలో ప్రతిరోజూ కొత్త కణాలు పుడుతుంటాయి. అవి పాతవాటిని పైకి నెడతాయి. పైకి చేరేసరికి పాత కణాలు చచ్చి, కెరాటిన్ అనే గట్టి ప్రోటీను నిండిన పలుచని పొలుసులుగా మారతాయి. మన గోళ్ళూ వెంట్రుకలూ కూడా కెరాటిన్‌తో తయారైనవే. స్నానం చేసేటప్పుడు, తువాలుతో తుడుచుకునేటప్పుడు, బట్టల రాపిడికి ఈ పొలుసులు రాలిపోతాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. చెవి రంధ్రం లోపల ఉన్నది కూడా చర్మమే కదా! అక్కడా పొలుసులు తయారవుతాయి కదా! అక్కడ సబ్బూ లేదు, తువాలూ లేదు. మరి ఆ పొలుసులన్నీ ఎక్కడికి పోతున్నాయి? బయటికి పోయే దారిలేక లోపలే చిక్కుకుపోతే ఏమవుతుంది?

ఈ రెండో ప్రశ్నకు జవాబు ఒక వ్యాధి. దాని పేరు కొలిస్టియటోమా. పేరు నోరు తిరగనిదే కాని, సంగతి మాత్రం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముందుగా చెవి నిర్మాణాన్ని ఒకసారి గుర్తుచేసుకుందాం.

తనను తానే శుభ్రం చేసుకునే గొట్టం

చెవి రంధ్రం నుంచి లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న గొట్టం ఉంటుంది. అదే కర్ణనాళం. దాని చివర తెరలా అడ్డుగా ఉన్నది కర్ణభేరి. దీని మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. కర్ణభేరికి బయటివైపున ఉన్నది చర్మం. లోపలివైపున ఉన్నది నోటిలోపల, ముక్కులోపల ఉండేలాంటి తడి పొర. అంటే చర్మానికి కర్ణభేరి ఒక సరిహద్దు అన్నమాట. అది దాటి చర్మం లోపలికి వెళ్ళకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి. మన కథంతా దీనిమీదనే నడుస్తుంది.

కర్ణభేరి మీద ఉన్న చర్మానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. అది కదులుతుంది! వైద్యులు కర్ణభేరి మీద చిన్న సిరాచుక్క పెట్టి, కొన్ని రోజుల తరువాత చూశారు. చుక్క పెట్టిన చోట లేదు. కర్ణభేరి నడిమి నుంచి అంచుకూ, అక్కడి నుంచి కర్ణనాళం గోడమీదుగా బయటికీ ప్రయాణం సాగించింది. ఈ నడక వేగం రోజుకు సుమారు మిల్లీమీటరులో పదోవంతు. అలా చచ్చిన పొలుసులు మెల్లమెల్లగా చెవి వాకిలికి వచ్చి, అక్కడ తయారయ్యే గులిమితో కలిసి రాలిపోతాయి.

చూశారా! చెవిని శుభ్రం చేసే పని చెవే చేసుకుంటోంది. అగ్గిపుల్లతో, పిన్నీసుతో, కోడి ఈకతో మనం చేసే సాయం దానికి అక్కరలేదు. పైగా బయటికి వస్తున్నదానిని తిరిగి లోపలికి నెట్టినవాళ్ళం అవుతాం.

కర్ణభేరి వెనుక గాలితో నిండిన ఒక చిన్న గది ఉంది. అదే మధ్య చెవి. దానిలో మూడు చిన్న ఎముకలు గొలుసులా ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. సుత్తిలాంటిది కూటకం, కమ్మరి దిమ్మెలాంటిది దాగలి, గుర్రపు రికాబులాంటిది కర్ణాంతరాస్థి. మన శరీరంలోని ఎముకలన్నిటిలో చిన్నది ఈ మూడోదే. దాని ఎత్తు మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. శబ్దం తగిలి కర్ణభేరి కంపిస్తే ఈ మూడూ ఆ కంపనాలను లోపలి చెవికి అందిస్తాయి. అందించడమే కాదు, కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి మరీ అందిస్తాయి.

ఇక మీ చెవి వెనుక వేలితో తడిమి చూడండి. గట్టి ఎముక బుడిపె తగులుతుంది. దానిని మాస్టాయిడ్ అంటారు. బయటికి గట్టిగా ఉన్నా, లోపల తేనెపట్టులా చిన్న చిన్న గాలి అరలు ఉంటాయి. ఆ అరలకు మధ్య చెవితో సంబంధం ఉంది.

చర్మం సరిహద్దు దాటితే

బస్సులో తిరుమల కొండ ఎక్కుతున్నప్పుడు చెవులు పట్టేసినట్లుంటాయి. గుటక వేస్తే 'టప్' మని విడుస్తాయి. ఎందుకని? మధ్య చెవి నుంచి ముక్కు వెనుక భాగానికి ఒక సన్నని నాళం ఉంది. దానిని యూస్టేషియన్ నాళం అంటారు. గుటక వేసినప్పుడల్లా అది తెరుచుకొని, కర్ణభేరికి రెండువైపులా గాలి పీడనాన్ని సమానం చేస్తుంది.

చిన్నపిల్లలలో ఈ నాళం పొట్టిగా, ఏటవాలు తక్కువగా ఉంటుంది. మాటిమాటికీ జలుబు చేసినా, ముక్కు వెనుక గడ్డలు పెరిగినా ఇది సరిగా తెరుచుకోదు. అంగిలి చీలికతో పుట్టిన పిల్లలలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అప్పుడు మధ్య చెవిలోని గాలిని చుట్టూ ఉన్న పొర మెల్లగా పీల్చుకుంటుంది. కొత్తగాలి రాదు. లోపల పీడనం తగ్గుతుంది. బయటి గాలి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది.

కర్ణభేరి పైభాగంలో కొద్దిమేర వదులుగా ఉంటుంది. ముందుగా లొంగేది అదే. అది లోపలికి గుంటపడి, క్రమంగా చిన్న సంచిలా తయారవుతుంది. సంచి లోపలివైపున ఉన్నదేమిటి? కర్ణభేరి బయటి చర్మమే! మూతి ఇరుకుగా, కడుపు వెడల్పుగా ఉన్న ఈ సంచిలో చర్మం మామూలుగానే పొలుసులు రాలుస్తుంది. అయితే ఇక్కడ బయటికి నడిచే దారి మూసుకుపోయింది. పొలుసుల మీద పొలుసులు పేరుకుంటాయి. ఉల్లిపాయ పొరల్లా ఒకదానిమీద ఒకటి చేరి, తెల్లగా మెరిసే ఉండ తయారవుతుంది. అదే కొలిస్టియటోమా.

మరో దారి కూడా ఉంది. చీము పట్టి కర్ణభేరి అంచున చిల్లి పడినప్పుడు, బయటి చర్మం ఆ చిల్లి గుండా లోపలికి పాకవచ్చు. కొద్దిమంది పిల్లలలో పుట్టుకతోనే, కర్ణభేరికి చిల్లి లేకుండానే, దాని వెనుక తెల్లని ముత్యంలా ఇది కనిపిస్తుంది.

ఫ్రాన్సు దేశపు వైద్యుడు క్రువేలియే 1829లో దీనిని ముత్యపు గడ్డగా వర్ణించాడు. జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ 1838లో కొలిస్టియటోమా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఈ పేరులోని ముక్కలకు పిత్తం, కొవ్వు, కంతి అని అర్థాలు. తమాషా ఏమిటంటే దీనిలో పిత్తం లేదు, ఇది కొవ్వుగడ్డ కాదు, క్యాన్సరు వంటి కంతి అంతకన్నా కాదు. పేరు పూర్తిగా తప్పే. కాని అలవాటైపోయి అదే నిలిచిపోయింది.

ఎముకను తినే చర్మం

క్యాన్సరు కాదంటున్నారు కదా, మరి భయమెందుకు అని మీరు అడగవచ్చు. పెరుగుతున్న చోటు అలాంటిది. చుట్టూ ఎముక, నడుమ ఇరుకైన గది. ఉండ పెద్దదవుతున్నకొద్దీ ఎముకను ఒత్తుతుంది. తడిసిన చచ్చిన చర్మం సూక్ష్మజీవులకు విందుభోజనం. అవి చేరడంతో అక్కడ వాపు పుడుతుంది. ఆ వాపువల్ల వెలువడే రసాయనాలు, ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. ఇలా ఎముక కొంచెం కొంచెంగా హరించుకుపోతుంది.

తరచుగా మొదట బలి అయ్యేది దాగలి. దాని సన్నని కొస అరిగి గొలుసు తెగుతుంది, వినికిడి తగ్గుతుంది. ఒక్కొక్కప్పుడు మాత్రం విచిత్రం జరుగుతుంది. తెగిన గొలుసు మధ్య ఈ ఉండే వంతెనలా నిలిచి శబ్దాన్ని అందిస్తూ ఉంటుంది! అలాంటివారికి చెవి బాగానే వినిపిస్తుంది. అందుచేత వినికిడి బాగుంది కాబట్టి చెవిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు.

మధ్య చెవికి ఇరుగుపొరుగు ఎవరో చూడండి. ఆ గది గోడలోనుంచే ముఖ కండరాలను కదిలించే నాడి పోతుంది. అది దెబ్బతింటే ఒకవైపు కన్ను మూతపడదు, నవ్వితే మూతి వంకరపోతుంది. లోపలివైపున శరీరం తూలకుండా కాపాడే అర్ధవర్తుల కుల్యలున్నాయి. వాటి గోడకు చిల్లిపడితే తల తిరుగుతుంది. ఇక గది పైకప్పు పలుచని ఎముక రేకు. దానిపైన ఉన్నది మెదడు! ఆ కప్పు కరిగితే చీము మెదడు పొరలకు పాకుతుంది. అప్పుడు ప్రాణానికే ముప్పు.

నొప్పిలేని మోసం

ఇంత నష్టం చేసే వ్యాధి ఎంత నొప్పి పుట్టించాలి! కాని మామూలుగా నొప్పే ఉండదు. ఇదే దీని మోసం. జలుబుతో వచ్చే చెవిపోటు పిల్లలను రాత్రంతా ఏడిపిస్తుంది. వెంటనే పెద్దలు వైద్యుడి దగ్గరకు పరుగెత్తుతారు. కొలిస్టియటోమా అలా కాదు. కొద్దికొద్దిగా చెవి కారుతుంది. ఆ చీముకు భరించరాని దుర్వాసన. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి, మళ్ళీ మొదలవుతుంది. దానికితోడు మెల్లగా వినికిడి మందగిస్తుంది. "పిల్లలకు చెవి కారడం మామూలే, పెద్దయితే అదే పోతుంది" అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు.

ఊరుకుంటే ఏం జరగవచ్చునో చెప్పడానికి నూట ఇరవై ఏళ్ళు దాటిన ఒక ఉదాహరణ ఉంది. ఆస్కార్ వైల్డ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1888లో 'ది హ్యాపీ ప్రిన్స్' అనే పిల్లల కథల పుస్తకం రాసిన ఐరిష్ రచయిత ఆయన. ఆయన తండ్రి విలియం వైల్డ్ డబ్లిన్ నగరంలో పేరుమోసిన చెవి వైద్యుడు. 1844లో కళ్ళకూ చెవులకూ ఒక ఆసుపత్రి స్థాపించాడు. 1853లో చెవి వ్యాధుల మీద గ్రంథం రాశాడు. చెవి కారుతున్నంతకాలం దానిని తేలికగా తీసుకోవద్దని, అది ఎక్కడికి దారితీస్తుందో చెప్పలేమని అందులో హెచ్చరించాడు. చెవి వెనుక కోసి చీము తీసే ఒక పద్ధతికి ఆయన పేరే ఉంది.

ఆ తండ్రి 1876లో చనిపోయాడు. తరువాత కొడుకును పట్టుకున్నది చెవి జబ్బే! 1895 నుంచి రెండేళ్ళు ఆస్కార్ ఇంగ్లండు జైలులో ఉన్నాడు. అక్కడినుంచి 1896లో పెట్టుకున్న అర్జీలో తన చెవి బాధను మొరపెట్టుకున్నాడు. 1900 అక్టోబరులో పారిస్‌లో ఒక హోటలు గదిలోనే ఆయన చెవికి శస్త్రచికిత్స జరిగింది. నవంబరు 30న, 46 ఏళ్ళ వయసులో, మెదడుకూ దాని పొరలకూ సోకిన వాపుతో మరణించాడు. ఆయనను చంపినది ఏ జబ్బు అని చాలాకాలం వాదాలు నడిచాయి. 2000 సంవత్సరంలో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఇద్దరు వైద్యులు పాత ఆధారాలన్నీ పరిశీలించి, అది కొలిస్టియటోమాయే అయి ఉంటుందని రాశారు. వందేళ్ళ తరువాత నూటికి నూరుపాళ్ళు రుజువు చేయడం సాధ్యం కాదు. కాని చెవినుంచి మెదడుకు ఉన్న దూరం ఎంత తక్కువో ఈ కథ చెబుతుంది.

వైద్యుడు ఎలా కనిపెడతాడు?

మొదటి సాధనం కన్నే. దీపమూ భూతద్దమూ ఉన్న చిన్న పరికరంతో, లేదా సూక్ష్మదర్శినితో వైద్యుడు చెవిలోకి చూస్తాడు. చీము, చెత్త అడ్డుగా ఉంటే సన్నని గొట్టంతో పీల్చివేస్తాడు. కర్ణభేరి పైభాగంలో గుంట, అందులో తెల్లని పొలుసులు కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

రెండో సాధనం మీకు తెలిసినదే. మీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే శ్రుతిదండం! సెకనుకు 512 కంపనాలు చేసేదానిని మోగించి, కాడను చెవి వెనుక ఎముకకు ఆనిస్తారు. శబ్దం వినిపించడం ఆగిపోగానే దానిని చెవి ముందుకు తెస్తారు. మామూలు చెవికి ఇంకా వినిపిస్తుంది. ఎందుకంటే గాలిలోనుంచి వచ్చే శబ్దాన్ని ఆ మూడు ఎముకలు పెంచి అందిస్తాయి. గొలుసు తెగిన చెవికి వినిపించదు. 1855లో జర్మనీ వైద్యుడు రిన్నె చెప్పిన పరీక్ష ఇది.

మరొక పరీక్షలో శ్రుతిదండాన్ని నుదుటి మధ్యన ఆనిస్తారు. బయటి చెవిలోగాని, మధ్య చెవిలోగాని లోపం ఉంటే, ఆశ్చర్యంగా ఆ లోపమున్న చెవిలోనే శబ్దం బిగ్గరగా వినిపిస్తుంది. నమ్మకం లేదా? ఒక చెవిని వేలితో మూసుకొని, నోరు మూసి 'మ్...' అని దీర్ఘంగా అనండి. శబ్దం ఏ చెవిలో ఎక్కువగా వినిపించింది? మూసిన చెవిలోనే కదా! గది చప్పుళ్ళు ఆ చెవికి అందవు. మీ గొంతు కంపనాలు మాత్రం ఎముకద్వారా చేరి, బయటికి పోలేక అక్కడే నిలుస్తాయి.

ఆ తరువాత వినికిడిని కొలిచే యంత్రంతో పరీక్ష. ఎముక ఎంతవరకు అరిగిందో చూడడానికి సీటీ స్కాన్. ఇక ఎమ్మారై స్కానులో నీటి అణువుల కదలికను పట్టే ఒక ప్రత్యేక పద్ధతి ఉంది. బిగుసుకుపోయిన కెరాటిన్‌లో ఆ అణువులు స్వేచ్ఛగా కదలలేవు. అందువల్ల కొలిస్టియటోమా బొమ్మలో వెలుగుతూ కనిపిస్తుంది. ఒకసారి తీసివేసిన తరువాత మళ్ళీ పెరిగిందా లేదా అని తెలుసుకోవడానికి ఇది ఎంతో ఉపయోగం.

చికిత్స

చుక్కల మందు సూక్ష్మజీవులను చంపుతుంది, చీమును తగ్గిస్తుంది. కాని సంచి గోడ బతికున్న చర్మం. చర్మాన్ని కరిగించే చుక్కల మందు లేదు. అందుకే చెవి పొడిగా అయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. శస్త్రచికిత్సతో దానిని తీసివేయడమే సరైన చికిత్స.

1873లో జర్మనీలో హెర్మన్ ష్వార్ట్సె ఉలి, సుత్తులతో మాస్టాయిడ్ ఎముకను తెరిచి చీము తీసే పద్ధతిని వివరించాడు. అప్పటి లక్ష్యం ప్రాణం నిలపడమే. వినికిడి సంగతి తరువాత. 1921లో స్వీడన్‌కు చెందిన నీలెన్ చెవి శస్త్రచికిత్సలో మొదటిసారి సూక్ష్మదర్శినిని వాడాడు. 1950లలో జర్మనీ వైద్యులు వుల్‌స్టైన్, జోల్నర్ పాడైన కర్ణభేరినీ వినికిడి గొలుసునూ తిరిగి నిర్మించే పద్ధతులకు బాట వేశారు.

ఇప్పటి వైద్యుడు రోగికి మత్తు ఇచ్చి, చెవి వెనుక కోసి, సూక్ష్మదర్శిని కింద సన్నని డ్రిల్లుతో ఎముకను చెక్కుకుంటూ వెళతాడు. సంచిని పొరతోసహా తీస్తాడు. చెవి పైనున్న కండరం మీది పలుచని పొరను కత్తిరించి కొత్త కర్ణభేరిగా అతుకుతాడు. తెగిన గొలుసు స్థానంలో రోగి ఎముకనో, మృదులాస్థినో, టైటానియంతో చేసిన చిన్న కడ్డీనో అమరుస్తాడు.

ఇక్కడ వైద్యుడికి ఒక చిక్కు. కర్ణనాళానికీ మాస్టాయిడ్‌కూ మధ్య ఎముక గోడ ఉంది. దానిని ఉంచితే చెవి సహజరూపంలోనే ఉంటుంది. కాని గోడ చాటున మిగిలిన జబ్బు కనబడకపోవచ్చు. గోడను తీసివేస్తే అంతా కనిపిస్తుంది; కాని పెద్ద గుంట మిగిలి, జీవితాంతం అప్పుడప్పుడు వైద్యుడిచేత శుభ్రం చేయించుకోవాలి. జబ్బు ఎంత వ్యాపించింది, రోగి మళ్ళీ మళ్ళీ రాగలడా అనేవి ఆలోచించి నిర్ణయిస్తారు.

పొలంలో గరిక పీకిన రైతుకు తెలుసు, ఒక్క వేరుముక్క మిగిలినా మళ్ళీ పాకుతుందని. ఇదీ అంతే. చిటికెడు చర్మం మిగిలినా తిరిగి పెరుగుతుంది, పిల్లలలో మరీనూ. అందుకే కొందరికి ఆరునెలలకో, ఏడాదికో చెవిని మళ్ళీ తెరిచిగాని, ఎమ్మారై తీసిగాని చూస్తారు. ఆ తరువాత కూడా కొన్నేళ్ళు పరీక్షకు వెళుతూనే ఉండాలి.

మీరు చేయగలిగింది

కారుతున్న చెవిలో నూనె, వెల్లుల్లి రసం, పసరు పోయవద్దు. చెరువులో, బావిలో మునగవద్దు. స్నానం చేసేటప్పుడు వాసెలిన్ రాసిన దూదిని చెవి వాకిట పెట్టుకోండి. రెండు వారాలు దాటి చెవి కారుతున్నా, తగ్గి మళ్ళీ మొదలైనా చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. కారే చెవికి తోడు తల తిరగడం, మూతి వంకరపోవడం, జ్వరంతో విపరీతమైన తలనొప్పి, వాంతులు వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. హైదరాబాదు కోఠీలోను, విశాఖపట్నంలోను ఈ వ్యాధులకే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వైద్యకళాశాలల ఆసుపత్రులలోనూ ఈ విభాగం ఉంటుంది.

చివరగా ఒక్క మాట. మీ తరగతిలో ఒకడు ఎప్పుడూ చెవిలో దూది పెట్టుకొని వస్తుండవచ్చు. వాడి దగ్గర వాసన వస్తుందని పక్కన ఎవరూ కూర్చోరు. చివరి బల్లకు పోతాడు. అక్కడ పాఠం సరిగా వినిపించదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోతే మొద్దు అంటారు. వాడికి నొప్పి లేదు కనుక ఇంట్లో చెప్పడు. సిగ్గు కనుక మీకూ చెప్పడు. వాడు మొద్దూ కాదు, మురికివాడూ కాదు. ఎంత శుభ్రంగా స్నానం చేసినా ఆ వాసన పోదు, ఎందుకంటే అది వస్తున్నది కర్ణభేరి వెనుక నుంచి.

ఈ సంగతి మీకిప్పుడు తెలుసు. రేపు వాడి పక్కన, వినిపించే చెవి వైపున, మొదటి బల్లమీద కూర్చోండి. మాస్టారితో ఒక మాట చెప్పి, వాడి తల్లిదండ్రులకు కబురు చేయించండి. ఒక ప్రాణాన్ని కాపాడడానికి ఒక్కొక్కప్పుడు అంతే చాలు.